నాలుగు వారాల టిఫిను వ్యాపారం

ఉద్యోగం కోసం ఎక్కడికి వెళ్ళినా ఒక కథ చెప్పేదాన్ని. బీకాం మొదటి సంవత్సరంలోనే నలుగురం కలిసి టిఫిన్ల వ్యాపారం పెట్టామని, నాలుగు వారాల్లో రైల్లో ఒక బోగీ మొత్తాన్ని మా వైపు తిప్పుకున్నామని, చివరికి నడుస్తున్న వ్యాపారాన్ని ఇంకొకరికి అప్పజెప్పి దర్జాగా బయటపడ్డామని. ఎదురుగా కూర్చున్నవాళ్ళు తలలూపేవాళ్ళు. ఒకాయనైతే "పద్దెనిమిదేళ్ళకే ఇంత తెలివా!" అని మెచ్చుకున్నాడు. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగం ఆ కథ పెట్టిన భిక్షే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. సగం కథ లేదు, అంతే. ఆ మిగతా సగం ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, మా అమ్మకు కూడా.

మాది ఆండర్సన్‌పేట. నాన్న కోలారు బంగారు గనిలో పనిచేశాడు. గని మూతపడ్డాక ఊళ్ళో ఇళ్ళూ, చర్చిలూ, బంగారం తీసి పారబోసిన సైనైడు మట్టి దిబ్బలూ మిగిలాయి. నెల జీతం కావాలంటే పొద్దున్నే మారికుప్పం స్టేషన్లో రైలెక్కి బెంగళూరు పోవాలి, సాయంత్రం అదే రైల్లో వేలాడుతూ తిరిగి రావాలి. రైలు అక్కడే బయలుదేరుతుంది కాబట్టి పొద్దున చాలాసేపు ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంటుంది. ఒక్కో బోగీకి ఒక్కో గుంపు. ఒకదాంట్లో కీర్తనలు పాడతారు, ఒకదాంట్లో పేకాడతారు, ఒకదాంట్లో ఆడవాళ్ళు వంటకు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంటారు. ఇంజన్ నుంచి మూడో బోగీకి మాత్రం చిన్నమ్మ బోగీ అని పేరు.

చిన్నమ్మ నాకు సొంత చిన్నమ్మ కాదు. నాన్నతో ఒకే షిఫ్టులో గనిలో దిగిన మనిషి భార్య. ఆయన పోయాక టిఫిన్లు మొదలుపెట్టింది. చర్చిలో అమ్మ పక్కనే కూర్చుంటుంది, అందువల్ల చిన్నప్పటి నుంచీ నాకు చిన్నమ్మే. ఆమె వ్యాపారం చేసే పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. మూడో బోగీ వాళ్ళు సాయంత్రం దిగేటప్పుడు ఖాళీ స్టీలు డబ్బాలు ఆమె చేతికిస్తారు. పొద్దున ఆమె అవి నింపి కిటికీల్లోంచి అందిస్తుంది. ఏం కావాలని ఎవరినీ అడగదు. ఎవరి డబ్బాలో ఏముండాలో ఆమే నిర్ణయిస్తుంది. నిన్న సాయంత్రం ఎవరైనా దగ్గుతూ దిగారంటే, పొద్దున వాళ్ళకు మిరియాల పొంగలి. ఎవరి ముఖమైనా పీక్కుపోయి కనబడితే ఇంకో రెండు ఇడ్లీలు. "నాకు చిత్రాన్నం కావాలమ్మా" అని ఎవరైనా నోరు తెరిచి అడిగితే, "నిన్న గదా తింటివి. సుమ్మనే, నోరు మూసుకోని ఇది తిను" అని కసురుతుంది. ఈమె టిఫిన్లమ్మేదా, హాస్టలు వార్డెనా అని నాన్న నవ్వేవాడు. ఆ బోగీలో ఎవరూ వేరే చోట తినేవాళ్ళు కాదు. అదేం మాయో అని అప్పట్లో నేను ఆలోచించలేదు.

మా కాలేజీలో మొదటి సంవత్సరానికి వ్యాపార సూత్రాలు అని ఒక సబ్జెక్టు ఉండేది. బట్టీ పట్టి, పరీక్షలో కక్కేసి, మరిచిపోయే రకం. మా ఏడాదికి మాత్రం కోలారు నుంచి బస్సులో వచ్చే కొత్త సారు దొరికాడు. ఉత్సాహం ఎక్కువ. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మా ముఖాలు చూసి కన్నడలోకి దిగి, కోపమొస్తే మళ్ళీ ఇంగ్లీషులోకి ఎక్కేవాడు. పుస్తకంలో చదివితే వ్యాపారం రాదు, చేయండి అన్నాడు. నలుగురేసి గుంపులు. నాలుగు వారాలు నిజంగా ఏదో ఒకటి అమ్మాలి. ముందు సర్వే చేయాలి, పోటీదారు ఎవరో కనిపెట్టాలి, వాళ్ళ బలహీనతలు రాయాలి. ఇదంతా అయ్యాక వ్యాపారాన్ని ఊరికే మూసేయకుండా ఎవరికైనా అప్పజెప్పగలిగితే ఇంకో పది మార్కులు. ఆ పది మార్కులకు మా క్లాసంతా నోరూరించుకుంది.

మా గుంపుకు లీడరు ఒక టీచరుగారి అమ్మాయి. చురుకైనది. ఏం అమ్మాలి, ఎక్కడ అమ్మాలి అని నలుగురం తల బద్దలు కొట్టుకుంటుంటే నేనే అన్నాను, "పొద్దునయితే ఊరంతా స్టేషన్లోనే ఉంటుంది గదా" అని. ఆ తరవాత చిన్నమ్మ బోగీ గురించి చెప్పాను. చెప్తున్నప్పుడు గొప్పగా అనిపించింది. ఆ గుంపులో నేను ఏదైనా చెప్తే మిగతావాళ్ళు విని రాసుకోవడం అదే మొదటిసారి. లీడరు కళ్ళు మెరిశాయి. "ఆమె నీకు తెలుసా? అట్లయితే సర్వే నువ్వే చెయ్" అంది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక చిన్నమ్మ ఇంటికి వెళ్ళాను. వంటింట్లో పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ ఉంది. నోట్‌బుక్కు తీసి, ఎవరెవరికి ఏమేమి పెడతావో చెప్పు చిన్నమ్మా అన్నాను.

"ఇదంతా నీకెందుకే?"

"కాలేజీలో రాయల్ల చిన్నమ్మా."

"పరీక్షా?"

"అట్లాంటిదే. మార్కులిస్తారు."

ఇంకేమీ అడగలేదు. మార్కులంటే చాలు, ఆమెకు అదొక పవిత్రమైన మాట. తనకు చదువు అబ్బలేదు, తెలుగు బైబిలు కూడబలుక్కుని చదువుతుంది, అంతే. రెండు గంటలు ఓపిగ్గా చెప్పింది. బోగీలో ఏ సీట్లో ఎవరు, ఎవరికి కడుపులో మంట, ఎవరు శుక్రవారం ఉల్లిపాయ ముట్టరు, ఏ అమ్మాయి కొత్తగా కడుపుతో ఉండాది, ఎవరు బెంగళూరులో మధ్యాహ్నం తినకుండా డబ్బు మిగిల్చి ఇంటికి పంపుతారు, వాళ్ళ డబ్బా ఎందుకు కూరి కూరి నింపాల. ముత్యాల్లాంటి నా రాతతో నేను రాసుకుంటూ పోయాను. మధ్యమధ్యలో ఫోను చూసుకుంటూ కూడా. వచ్చే వారం నుంచి మేమే ఆ బోగీలో టిఫిన్లు అమ్మబోతున్నామని మాత్రం చెప్పలేదు. చెప్పాలని తోచలేదు అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. తోచింది. చెప్తే ఇంక చెప్పదేమోనని ఊరుకున్నాను.

లీడరు ఇంట్లో నలుగురం కూర్చుని చిన్నమ్మ బలహీనతల పట్టిక వేశాం. కొనేవాళ్ళకు ఎంచుకునే హక్కు లేదు. మెనూ లేదు. మాట కరుకు. పాత డబ్బాలు. ప్రచారం సున్నా. బలాలు అనే చోట ఏం రాయాలో తెలియక 'అనుభవం' అని ఒక్క మాట రాసి వదిలేశాం.

లీడరు వాళ్ళమ్మ, ఇంకొక ఆవిడ కలిసి వండేవాళ్ళు. మేం అట్ట డబ్బాల మీద ఎవరి పేరు వాళ్ళకు చీటీ అంటించి, ఎవరికేది పడుతుందో నా నోట్‌బుక్కు చూసి సర్దేవాళ్ళం. వాట్సాప్ గ్రూపు పెట్టాం. మొదటి పొద్దున ప్లాట్‌ఫారం మీద మా బల్ల చూసి చిన్నమ్మ తన బుట్ట దించి నిలబడింది. నేను ఫోనులో ఏదో ముఖ్యమైనది వచ్చినట్టు తల దించుకున్నాను. తల ఎత్తేసరికి ఆమె బోగీ అవతలి తలుపు దగ్గర డబ్బాలు అందిస్తూ ఉంది. బతికాననుకున్నాను. ఆ సాయంత్రం అమ్మ, "చిన్నమ్మ వచ్చి, నీ పరీక్ష ఎన్ని దినాలని అడిగిపోయె" అంది. నాలుగు వారాలని చెప్పానంది. నేను పట్టించుకోలేదు.

మొదటి రోజు ఐదుగురు కొన్నారు. మూడో రోజుకు పదిహేను మంది. వారం తిరిగేసరికి బోగీ మొత్తం మాదే. చిన్నమ్మ స్టేషనుకు రావడమే మానేసింది. లీడరు గోడ మీద అమ్మకాల గీత గీసి చూపించింది, గీత మెట్లెక్కినట్టు పైకి పోతోంది. చీటీల మహిమ అని ఒకరం, మెనూ మహిమ అని ఒకరం వాదించుకున్నాం. ఒకరోజు ఉప్మా అడుగంటి కమురు వాసన కొట్టింది. ఎవరైనా తిడతారేమోనని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాం. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. బోగీలో ప్రతిదానికీ పేచీ పెట్టే పెద్దాయన కూడా డబ్బా తీసుకుని, "బాగా చదువుకోండమ్మా" అన్నాడు. అందరూ అదే మాట అనేవాళ్ళు, బాగా చదువుకోండమ్మా అని. బ్రాండు మీద అభిమానం అంటే ఇదే అని లీడరు రిపోర్టులో రాసింది.

నాలుగో వారం అప్పజెప్పే పని. రాబర్ట్‌సన్‌పేటలో క్యాంటీను నడిపే ఒకాయన ముందుకొచ్చాడు. ఆయనకు కావలసింది మా బల్లా, అట్ట డబ్బాలూ కాదు. ఎవరికి ఏం పడుతుందో రాసిన నోట్‌బుక్కు, వాట్సాప్ గ్రూపు. శుక్రవారం సంతకాలయ్యాయి. నోట్‌బుక్కు నా చేతులతోనే ఆయన చేతిలో పెట్టాను. గ్రూపులో, వచ్చే నెలకు ముందుగా కట్టేయండి అన్న సందేశం కూడా నేనే రాశాను. మనిషి మారుతున్నాడని అందులో రాయలేదు. కొనేవాళ్ళకు తేడా తెలియనీయకూడదని లీడరు అంది, నాకూ అది తెలివైన మాటగానే తోచింది. సాయంత్రానికల్లా దాదాపు అందరూ కట్టేశారు.

శనివారం కాలేజీలో ప్రదర్శన. ప్రతి గుంపూ ఊళ్ళో వ్యాపారం చేసే ఒకరిని అతిథిగా తీసుకురావాలని సారు చెప్పాడు. నేను చిన్నమ్మను పిలిచాను. ఎంత ధైర్యమో చూడండి. ధైర్యం కూడా కాదు, ఆమెకు ఇంగ్లీషు రాదన్న భరోసా. పండక్కి కట్టే పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చింది. ముందు వరసలో కూర్చోబెట్టారు, శాలువా కప్పారు. నేను లేచి ఇంగ్లీషులో మాట్లాడాను. తెర మీద 'పోటీదారు బలహీనతలు' అని పడింది. కొనేవాళ్ళకు ఎంచుకునే హక్కు లేదన్నాను. మాట కరుకన్నాను. ఆమె అడక్కుండా డబ్బాలు నింపే పద్ధతి చెప్పి, గొంతు మార్చి, ఆమె కసురుకునే తీరు అనుకరించాను. క్లాసు పగలబడి నవ్వింది, చప్పట్లు కొట్టింది. అందరూ కొడుతుంటే చిన్నమ్మ కూడా కొట్టింది. పక్కనున్న పిల్ల వైపు తిరిగి, మా పాపే అన్నట్టు నన్ను చూపించింది. అది నేను చూశాను. అయినా మిగిలిన మూడు స్లైడులూ చదివాను.

మాకే మొదటి స్థానం వచ్చింది. బయట మెట్ల దగ్గర చిన్నమ్మ నా కోసం నిలబడి ఉంది. నా తల నిమిరింది.

"పాసైనట్టేనా?"

"అయినాము చిన్నమ్మా."

"నాకు తెలుసు. నేను గదా అందరికీ చెప్పినాను. బిడ్డలకు పరీక్ష, నాలుగు వారాలు వాళ్ళ దగ్గిరే తీసుకోండి, బాగున్నా లేకున్నా నోరెత్తొద్దండి అని. ఆ పెద్దాయన ఉప్మా మాడిందని నాకు ఫోను చేసి ఒకటే గొణుగుడు. సుమ్మనుండప్పా, బిడ్డకు మార్కులు పోతాయి అన్నాను." నవ్వింది. "ఇంగ అయిపోయింది గదా. సోమవారం నుంచి నా బోగీ నాకిచ్చేస్తారా? రేపు పప్పు నానబెట్టుకోవల్ల."

ఒక్క మాట చాలు. ఇచ్చేశాం చిన్నమ్మా, ఇంకొకాయనకు, అని. "ఊఁ" అన్నాను. ఆమె సంతోషంగా ఆటో ఎక్కింది.

సాయంత్రం లీడరుకు ఫోను చేశాను. జరిగినదంతా చెప్పి, ఆ నోట్‌బుక్కు తిరిగి అడుగుదామా అన్నాను. "సంతకాలయ్యాయి కదే. డబ్బులు ఆయనకు కట్టేశారు కూడా. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే సారు ఆ పది మార్కులూ తీసేస్తాడు" అంది. తప్పు నలుగురి భుజాల మీదా ఉందని ఆమె అనుకుంది. నేనూ అట్లాగే అనుకోవాలని చూశాను. ఆదివారం కడుపునొప్పి అని చర్చికి పోలేదు. మధ్యాహ్నమంతా మంచం మీద పడుకుని, అదే వీధిలో ఆమె ఇంట్లో పప్పు నానుతూ ఉంటుందని తలచుకున్నాను. లేచి నాలుగు ఇళ్ళు దాటితే చాలు. లేవలేదు.

తరవాత జరిగినవి ముందే చెప్పేస్తాను, సోమవారం గురించి చెప్పడానికి నోరు రావడం లేదు. క్యాంటీనాయన ఆ బోగీని ఏడాది లోపే వదిలేశాడు, గిట్టుబాటు కాలేదన్నాడు. ఆ లోపలే చిన్నమ్మ బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటులో వంటకు కుదిరింది. పొద్దున అదే రైలు, అదే మూడో బోగీ, అందరితో పాటు కూర్చుని పోయేది. అమ్మతో ఎప్పట్లాగే మాట్లాడేది. నాతోనూ మాట్లాడేది, తిన్నావా, చదివినావా అని. ఆ రెండు ప్రశ్నలు దాటి మూడోది ఎప్పుడూ అడగలేదు.

సోమవారం పొద్దున స్టేషనుకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆమె కంటే ముందు చేరి చెప్పేద్దామని కాబోలు. నేను చేరేసరికే ఆమె వచ్చి ఉంది. రెండు బుట్టల నిండా ఇడ్లీ పొట్లాలు, ఆకుల్లో కట్టినవి. బోగీ ముందు క్యాంటీనాయన, మా బల్ల కంటే పెద్ద బల్ల వేసుకుని, నా నోట్‌బుక్కు తెరిచి పట్టుకుని, సీట్ల వారీగా బిగ్గరగా చదువుతూ డబ్బాలు అందిస్తున్నాడు. లోపల ఉన్నవాళ్ళు ఎవరూ తల బయట పెట్టి చూడలేదు. నా సందేశం చూసి పరీక్ష ఇంకో నెల పొడిగించారనుకున్నారని తరవాత తెలిసింది. చిన్నమ్మ మీద గౌరవంతోనే ఆయన దగ్గర తీసుకుంటున్నారు.

చిన్నమ్మ కదలకుండా వింటూ ఉంది. కడుపులో మంట, ఉల్లిపాయ వద్దు, గర్భిణి, ఎక్కువ పెట్టాలి. అన్నీ ఆమె మాటలే. వెల్లుల్లి ఒలుస్తూ నాకు చెప్పినవి. ఒక్కో మాటా ఇప్పుడు ఆ మనిషి నోట్లోంచి వస్తోంది.

నన్ను చూసింది. "పరీక్ష అయిపోయిందంటివే."

"అయిపోయింది చిన్నమ్మా."

"మరి ఈయనెవరు?"

అప్పుడు చెప్పాను. మేమే ఇచ్చేశామని, అట్లా ఇస్తే ఎక్కువ మార్కులని, నీకు చెప్పే ధైర్యం లేకపోయిందని. ఏడుస్తూ చెప్పాను. ఏడ్చి పని తేలిక చేసుకోవాలనుకున్నానేమో కూడా. ఆమె ఏడుపు వైపు చూడలేదు.

"ఎన్ని మార్కులు?"

"పది."

"పదేనా?" అంది.

తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే ఆమె కాళ్ళు పట్టుకోవచ్చు. వంగి బుట్టలు ఎత్తుకుంది. అంతలో క్యాంటీనాయన చదివాడు, "కిటికీ పక్క కళ్ళజోడు సారుకు చక్కెర పొంగలి" అని. డబ్బా కిటికీ దాకా పోయింది.

చిన్నమ్మ బుట్టలు దించేసింది. "ఆయనకు చక్కెర పొంగలి ఇయ్యొద్దప్పా!" అని అరిచింది. "షుగరుండాది ఆయనకు. ఆయన అడుగుతాడు, మనం ఇయ్యకూడదు." తరవాత నా వైపు తిరిగింది. "చెప్పినాను గదే నీకు. అడుగుతాడు, ఇయ్యొద్దు అంటే, అడుగుతాడనే ముక్క మాత్రం రాసుకొంటివా? నాలుగు వారాలు ఆయనకు తీపి పెట్టినారా?"

పెట్టాం. ప్రతి సోమవారం. ఆయన ప్రతిసారీ, బాగుందమ్మా అనేవాడు.

క్యాంటీనాయన నోట్‌బుక్కు నా ముందు పెట్టి, జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. "ఇది నీ రాతే గదమ్మా, నువ్వే దిద్దిపెట్టు. ఇంకేమైనా తప్పులుంటే ఈమెనే అడిగి సరిచేసెయ్, మళ్ళీ నాకు ఇబ్బంది లేకుండా."

నేను పెన్ను పట్టుకుని చిన్నమ్మ ముఖంలోకి చూశాను, వద్దంటుందేమోనని. ఆమె కిటికీల వైపు చూస్తూ, ఒక్కో సీటూ వేలితో చూపిస్తూ, మొదటి నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. రైలు కూత వేసేదాకా ఆమె చెప్తూనే ఉంది, నేను ఆయన కోసం రాస్తూనే ఉన్నాను.